విగ్గుకి రెండు జడలు

ముందే చెప్పేస్తున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. తెనాలి స్టేషన్లో కాలు జారి పడ్డానని ఇంటికొచ్చి చెబితే, మా ఆవిడ "పడ్డారా, తూలారా?" అని అడుగుతుంది. తూలానంటే, "అంటే చెప్పు తెగిందన్నమాట" అని తేల్చేసి, పాత చెప్పులు తీసి నా ముందు పెడుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో నా మాటని ఎంతకి దించుకోవాలో ఆవిడకి అంచనా దొరికిపోయింది. మీకు ఆ అనుభవం లేదు కాబట్టి మీరే కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇందులో ఎక్కడైనా చినుకు పడితే నేను తుఫాను అంటాను. ఎవరైనా నవ్వితే పైకప్పు ఎగిరిందంటాను. అయితే పెంచి చెప్పడం వేరు, లేనిది పుట్టించడం వేరు. ఇందులో నేను పుట్టించింది ఒక్కటే ఉంది. అదేదో నేనే ఒప్పుకుంటాను, తొందరపడకండి.

ఇది మా మేనకోడలి సంగతి. రాయమన్నది కూడా అదే. "రాయి మావయ్యా, కానీ నా పేరు ఎక్కడైనా కనపడిందో, నీ మీసం సగమే మిగులుతుంది" అంది. నా మీసం మీరు చూడలేదు. దాని మీద రెండు పిచ్చుక జంటలు వేరు కాపురాలు పెట్టుకోవచ్చు. అందుకని ఎవరి పేర్లూ రాయడం లేదు.

మేముండేది తెనాలిలో. నేనొక ఆఫీసులో గుమాస్తాని. మా ఆవిడ నర్సు. చాలా ఏళ్ళు కాన్పుల వార్డుల్లో చేసి చేసి, ఇప్పుడు బాపట్లలో ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇస్తోంది. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులు కాన్పుకి వస్తే వాళ్ళతో ఎలా మసులుకోవాలో నర్సులకీ, ఆయమ్మలకీ నేర్పడం ఆవిడ పని. మేనకోడలు నా చెల్లెలి కూతురు. చెల్లెలు దాని చిన్నప్పుడే పోయింది. అందుకని అది మా ఇంట్లోనే పెరిగి, మా ఇంటి నుంచే రేపల్లె కాపురానికి వెళ్ళింది. వాళ్ళాయన ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ హెచ్‌ఐవీ ఉంది. ఇద్దరూ రోజూ మాత్రలు వేసుకుంటారు. ఇద్దరూ నాకంటే ఆరోగ్యంగా ఉంటారు. ఎలా వచ్చిందని నేను అడగలేదు. నాకు షుగరు ఎలా వచ్చిందని వాళ్ళు అడిగారా ఏంటి?

దాని జుట్టు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్ళాలి. రేపల్లె బండిలో అది తెనాలిలో దిగేటప్పటికి, జడ కొస ఇంకా వేమూరు స్టేషన్లో ఉంటుంది. మా ఆవిడ చిన్నప్పుడు దానికి తలంటి పోసిందంటే ఆ పూట వీధి కుళాయిలో నీళ్ళు ఎవరికీ వచ్చేవి కావు.

ఒక ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి అది మా గుమ్మం మీద కూర్చుని ఉంది. నిండుతున్న నెలలు. ఒళ్ళో చేతిసంచీ, మొహంలో చిటపటలు.

"ఏంటే, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు? మీ ఆయనేడి?"

"ఇంట్లో ఉన్నాడు. నేను అలిగొచ్చా."

"వాడి మీదా?"

"కాదు. దువ్వెన మీద."

మొగుడి మీద అలిగిన వాళ్ళని చూశాను. అత్త మీద, ఆడపడుచు మీద, కూరలో ఉప్పు మీద అలిగిన వాళ్ళనీ చూశాను. దువ్వెన మీద అలిగి రైలెక్కిన మనిషిని మాత్రం అదే మొదటిసారి చూడటం. లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చి కూర్చోబెడితే, విషయం మెల్లగా బయటపడింది.

అది చూపించుకునే ఆసుపత్రి అటువైపే ఎక్కడో ఉందనుకోండి, ఊరు అడక్కండి. అక్కడ ఒక పద్ధతి ఉంది. నొప్పులతో వచ్చిన ప్రతి ఆడమనిషికీ కాన్పు గదిలోకి పంపేముందు జుట్టు రెండు పాయలు చేసి, రెండు జడలు వేసి, కొసలకి గాజుగుడ్డ పీలికలు కడతారు. వెల్లకిలా పడుకుంటే ముడి తల కింద గుచ్చుకోకూడదని, జుట్టు ఎక్కడా అడ్డం పడకూడదని. ఆ జడలు వేసేది అక్కడి ఆయమ్మ. మంచం వెనక నిలబడి, ఒక కాలు మంచం పట్టె మీద ఆనించి, జడ వేస్తూ కబుర్లు చెబుతుందట. ఎన్నో కాన్పు, అత్త మంచిదేనా, మొగుడు తాగుతాడా, పుల్లటివి తిన్నావా తియ్యటివి తిన్నావా. ఆవిడ చేత్తో జడ వేయించుకుంటే సగం నొప్పులు అక్కడే తీరిపోతాయని ఆడవాళ్ళు చెప్పుకుంటారు. ఈ మాట నేను పెంచింది కాదు, వాళ్ళే పెంచుకున్నారు.

మా పిల్లకి ఆ వారంలో నొప్పులలాంటివి వచ్చి ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు బాగానే చూశారు. సిస్టరూ బాగానే మాట్లాడింది. దీని కాగితాలు అక్కడ పని చేసేవాళ్ళకి తప్ప ఎవరి కంటా పడకుండా లోపల పెట్టారు. ఒక్కరి నోట కూడా ఆ మూడక్షరాలు రాలేదు. అంతా పద్ధతిగా ఉంది.

"అప్పుడు ఆయమ్మ దువ్వెన పట్టుకొచ్చింది మావయ్యా. మొదటి మంచం పిల్లకి వేసింది. రెండో మంచం ఆవిడకి వేసింది. ఆవిడ తల్లో పేలుంటే వాటినీ తీసింది. నా దగ్గరకొచ్చి ఆగింది. దువ్వెన మంచం అంచు మీద పెట్టి, 'నువ్వే వేసుకోమ్మా, నీకు చేతనవుద్దిగా' అని అవతలి మంచానికి వెళ్ళిపోయింది."

"తర్వాత?"

"తర్వాతేముంది. వార్డంతా నన్నే చూసింది. పక్క మంచం పిల్ల వాళ్ళమ్మ, నా వైపున్న నీళ్ళ సీసా తీసి ఆ పక్కన పెట్టుకుంది."

డాక్టరు దాచారు, సిస్టరు దాచింది, ఒక దువ్వెన చెప్పేసింది. ఆ నొప్పులు నిజం నొప్పులు కావని తేలాక ఇది ఇంటికొచ్చేసి ఒక నిర్ణయం చేసుకుంది. ఇక ఆ గడప తొక్కదట. వాళ్ళ అత్తగారి ఊళ్ళో పురుళ్ళు పోసే ముసలమ్మ ఉందట, ఆవిడ చేత పోయించుకుంటుందట.

అంతవరకూ గిన్నెలు సర్దుకుంటూ వింటున్న మా ఆవిడ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వచ్చి దాని ముందు కూర్చుంది. వార్డులో కేకలు వేసి వేసి బొంగురుపోయిన గొంతు ఆవిడది. ఆ రోజు ఆ గొంతు బాగా తగ్గింది.

"ఒసే పిచ్చిదానా, నీ మాత్రలు చక్కగా పని చేస్తున్నాయి. ఆసుపత్రిలో కాన్పై, పుట్టగానే బిడ్డకి మందు చుక్కలు పడితే, బిడ్డకి ఏమీ అంటకుండా ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇంట్లో అయితే ఆ చుక్కలు ఎవరేస్తారు? నీకు రక్తం పోతుంటే ఎవరాపుతారు?"

"తెలుసత్తా. అన్నీ తెలుసు."

"మరి?"

"బిడ్డని కంటూ కూడా ఎవరు సీసా జరుపుకుంటున్నారో చూస్తా ఉండాలంటే నా వల్ల కాదు."

తెనాలి వచ్చెయ్యమన్నాను. "ఇక్కడ దువ్వెనలుండవా?" అంది. పోనీ ఆ ఆయమ్మ మీద పైవాళ్ళకి చెబుదామన్నాను. "చెబితే ఎవరి గురించి చెప్పావంటారు. తెలియని వాళ్ళకి కూడా తెలుస్తుంది" అంది. దానికి జవాబు నా దగ్గర లేదు. నా దగ్గర జవాబు లేకపోవడం మా ఇంట్లో ఎంత అరుదంటే, మా ఆవిడ గిన్నె కింద పెట్టి ఒకసారి నా వైపు చూసింది.

సాయంత్రం బండికి అది రేపల్లె వెళ్ళిపోయింది. వెళ్తూ, "అత్తా, ఎవరికీ నా మాట చెప్పకు" అని ఒట్టు వేయించుకుంది.

మా ఆవిడ ఒట్టు తప్పదు. కానీ చేతిలో ఒక దారి ఉంది. ఆ ఆసుపత్రి ఆయమ్మలు త్వరలోనే బాపట్ల శిక్షణకి రావాల్సి ఉంది. అందరికీ చెప్పే పాఠంలోనే ఈ జడల సంగతి కలిపేస్తే ఎవరిదీ పేరెత్తనక్కర్లేదు. వార్డులో జరిగేది చిన్న నాటకంలా ఆడించి చూపిస్తే చేతులకి కూడా పాఠం అబ్బుతుందని ఆవిడ ఆలోచన.

చిక్కల్లా పేషెంటు వేషం దగ్గర వచ్చింది. అంతకుముందు వచ్చిన బృందాల్లో హెచ్‌ఐవీ ఉన్న గర్భిణిగా కూర్చోవడానికి ఒక్క మనిషీ ఒప్పుకోలేదట. "తథాస్తు దేవతలు తిరుగుతుంటారు మేడం, ఆట కోసమైనా అలాంటి మాట అనుకోకూడదు" అన్నారట. మా చర్చికొచ్చే నర్సులు అసలు ఆ దేవతల్ని నమ్మరు కదా, వాళ్ళనడిగితే, "నమ్మంలెండి, అయినా ఎందుకొచ్చిన గొడవ" అన్నారట. అదీ సంగతి. ఆ జబ్బు ఎలా వస్తుందో, ఎలా రాదో బోర్డు మీద రాసి చూపించగలిగిన వాళ్ళు కూడా, ఆ కుర్చీలో కూర్చుంటే వస్తుందేమోనని భయపడ్డారు.

ఇదంతా చెప్పి మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. సంతలో గేదెని చూసినట్టు చూసింది.

"ఏమండీ, మీరు వెయ్యండి."

"నేనా? గర్భిణీనా?"

"మిమ్మల్ని చూస్తే తథాస్తు దేవతలు కూడా ఏమనాలో తోచక ఊరుకుంటారు."

కాదనలేకపోయాను. పైగా నాకు అనుభవం ఉంది. మా చర్చిలో క్రిస్మస్ నాటకాలకి ఆడపిల్లల్ని పంపని రోజుల్లో మరియమ్మ వేషం నాదే. పొట్టకి దిండు కట్టుకుని గాడిద వేషగాడి మీద ఎక్కితే, ఆ కుర్రాడు ప్రతి ఏడూ బేతలేహేము చేరకముందే కూలబడేవాడు. మీసం మొలిచాకే నన్ను గొర్రెల కాపరిని చేశారు.

విగ్గు కోసం తెనాలిలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన ఊరిలోని కిరీటాలన్నీ తనే మోస్తున్నంత గంభీరంగా కూర్చుని ఉన్నాడు.

"ఏ వేషం సార్?"

"గర్భిణీ స్త్రీ."

"పౌరాణికమా, సాంఘికమా?"

"ఆరోగ్యశాఖ."

ఆయన కాసేపు ఆలోచించి, "ఆ శాఖకి ఇదే మొదలు సార్" అని, నడుం దాటే జుట్టున్న విగ్గు ఒకటి దులిపి ఇచ్చాడు. దులిపినప్పుడు లేచిన దుమ్ముకి బజారంతా పట్టపగలు లైట్లేసుకున్నారు.

బాపట్ల బండిలో దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. విగ్గు సంచీలోంచి జారి జుట్టు ఎదుటి ఆవిడ కాళ్ళ మీద పడింది. ఆవిడ సంచీని చూసి, నన్ను చూసి, మా ఆవిడ తల మీద జుట్టు ఉందో లేదో కూడా చూసి, తర్వాతి స్టేషన్లో పెట్టె మారింది.

శిక్షణ హాల్లో నర్సులూ, ఆయమ్మలూ నిండుగా కూర్చున్నారు. మా ఆవిడ కళ్ళతోనే చూపించింది, మూడో వరసలో ఆ ఆయమ్మని. నేను రాక్షసిని ఊహించుకుని వెళ్ళాను. అక్కడున్నది యాభై దాటిన గట్టి మనిషి. సముద్రం పక్క ఊరి మనిషి, నుదుట ఇంత బొట్టు, కొప్పులో కనకాంబరాలు. పక్క పిల్ల చీర కుచ్చిళ్ళు వంకరగా ఉన్నాయని వంగి సర్దుతోంది. మనసులో తిట్టుకుందామనుకున్నాను గానీ, తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ముందు ఒక డాక్టరు గారు పాఠం చెప్పారు. చివర్లో ప్రశ్నలడిగారు.

"ముట్టుకుంటే వస్తుందా?"

"రాదండీ!"

"పక్కన కూర్చుంటే?"

"రాదండీ!"

"ఒకే దువ్వెనతో దువ్వితే?"

"రాదండీ!"

ఆ కేకకి ఫ్యాన్లు వెనక్కి తిరిగాయి. అందరిలోకి గట్టిగా అరిచింది మన ఆయమ్మే.

తర్వాత నాటకం. మా ఆవిడ పాత చీర, దిండు, విగ్గు, మీసానికి అడ్డంగా పమిట కొంగు. నేను నడిచి వస్తుంటే ఒక సిస్టరు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారి, కిందే ఉండిపోయింది. రెండు బల్లలు పక్కపక్కన వేసి మంచాలన్నారు. ఒకదాని మీద నేను. ఇంకోదాని మీద ఏ జబ్బూ లేని గర్భిణిగా ఒక చిన్న నర్సు. ఆ వేషానికి మాత్రం చాలామంది చేతులెత్తారు. మా ఆవిడ వార్డు సిస్టరు. ఆయమ్మ వేషానికి మన ఆయమ్మనే పిలిచింది.

"ఇద్దరినీ కాన్పు గదికి పంపాలి. ఈ రెండో ఆమెకి హెచ్‌ఐవీ ఉంది, మాత్రలు వాడుతోంది. రోజూ వార్డులో ఎలా చేస్తావో అలాగే ఇద్దరినీ సిద్ధం చెయ్యి" అంది మా ఆవిడ.

ఆయమ్మ దువ్వెన తీసుకుని చిన్న నర్సు వెనక నిలబడింది. కళ్ళార్పేలోగా రెండు జడలు పడ్డాయి. తర్వాత నా దగ్గరకొచ్చింది. ఆగింది. హాలంతా ఇంకా నవ్వుతూనే ఉంది. ఆవిడ దువ్వెన నా బల్ల అంచు మీద పెట్టి, "నువ్వే వేసుకోమ్మా" అంది.

నవ్వు ముందు వరసలో ఆగి, మెల్లగా వెనక వరసల దాకా ఆగిపోయింది. ఆ మాట ఎవరూ ఆవిడకి నేర్పలేదు. మీసాలున్న గుమాస్తాని, వాడి తలది కూడా కాని జుట్టుని చూసి, ఆవిడ చెయ్యి దానంతటది వెనక్కి వెళ్ళింది.

అప్పుడు నేను "అక్కా, ఆమెకి వేశావుగా, నాకెందుకు వెయ్యవు?" అనాలి. మా ఆవిడ రైల్లో అంతసేపు వల్లె వేయించింది. తీరా ఆ దువ్వెన ముందుకొచ్చేసరికి, గుమ్మం మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకున్న మా పిల్ల కళ్ళ ముందు కనపడి, మాట మరిచిపోయాను. దువ్వెన తీసుకుని నేనే జడ వేసుకోవడం మొదలుపెట్టాను. జీవితంలో జడ వేసి ఎరగను. మరియమ్మకి ముసుగే గానీ జడ లేదు. ఒక పాయ ముక్కు మీద పడింది, ఒక పాయ నోట్లోకి పోయింది, మూడో పాయని వెతకడానికి ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. అల్లగా అల్లగా అది పడవ కట్టే మోకులా తయారైంది.

ఆయమ్మ చూసింది. అటు తిరిగింది. మళ్ళీ చూసింది.

"అట్టా కాదండీ... ఆ పాయ కిందనించి... కిందనించి అంటుంటే! అయ్యయ్యో, చిక్కు పెట్టేశాడు. ఛీ, ఇటియ్యండి!"

లాక్కుంది. నా వెనక చేరి, కాలు స్టూలు మీద ఆనించి, విగ్గుని నడిమధ్యకి చీల్చింది. "బొమ్మలా కూకోండి, ఊగకండి" అంది. ఆవిడ వేళ్ళు అల్లుతుంటే నాకు నిద్ర ముంచుకొచ్చింది. వార్డు ఆడవాళ్ళు చెప్పుకునేది అబద్ధం కాదు. జడ సగంలో ఉండగా, అలవాటు ఎక్కడికి పోతుంది, ఆవిడ అడగనే అడిగింది.

"ఎన్నో కాన్పు?"

"మొదటిదేనక్కా."

"ఈ వయసులోనా!"

అప్పుడు పైకప్పు ఎగిరింది. చెప్పానుగా, నా పద్ధతి అది.

నవ్వులు సద్దుమణిగాక మా ఆవిడ అడిగింది. "ఇప్పుడు వేశావుగా. ఏమైంది?"

ఆయమ్మ తన చేతులు చూసుకుంది. దువ్వెన వైపు చూసింది. "ఇది విగ్గు గదండీ" అని వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. మా ఆవిడ ఇంకేమీ అడగలేదు. నాకైతే అంతదూరం దిండు మోసుకొచ్చింది దండగైందనిపించింది.

టీ వేళకి ఆయమ్మ తనంతట తనే మా దగ్గరకొచ్చింది. నేను చీర విప్పేసి, మనిషినై, బొండా తింటున్నాను. ఆవిడ మా ఆవిడ ముందు వేళ్ళు చాపింది. బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ సందుల్లో చీలికలు.

"ఇట్టా ఉంటాయి మేడం. ఇంటికెళ్ళి ఈ చేతుల్తోనే మనవరాలిని కాళ్ళ మీదేసుకుని నీళ్ళు పోస్తా. అందుకని..."

మా ఆవిడ ఆ వేళ్ళు తన చేతిలోకి తీసుకుని నిదానంగా చెప్పింది. జుట్టులో ఆ జబ్బు ఉండదు, జడ వేస్తే రాదు, చేతులకి చీలికలున్నా రాదు. రక్తం తగిలే పనైతే ఎవరి రక్తమైనా సరే గ్లవుజులు వేసుకోవాలి. జుట్టుకైతే ఎవరిదైనా సరే అక్కర్లేదు. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా చేస్తేనే వార్డంతా కనిపెట్టేస్తుంది.

"తెలుసు మేడం" అంది ఆయమ్మ. "ఆ రోజు కూడా తెలుసు. చెయ్యే రాలేదు." చెయ్యి వెనక్కి తీసుకుని, "ఒక పిల్లండీ, బారెడు జుట్టు. నేనా మాట అన్నాక లేచెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నెలలు నిండుంటాయి. ఎక్కడ కంటదో ఏమో" అంది.

మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నేను మాట జారకుండా ఉండాలంటే ఒకటే మార్గం. ప్లేటులో ఉన్న బొండాలన్నీ ఒకేసారి నోట్లో పెట్టుకున్నాను. ఇది పెంచి చెప్పింది కాదు, సాక్షులున్నారు.

ఆ సాయంత్రం మేనకోడలికి ఫోన్లో విగ్గు సంగతంతా చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వింది. "విగ్గుకి వేసిందా! అయితే నాదీ విగ్గేనని చెప్పు మావయ్యా" అంది. మా ఆవిడ ఫోను లాక్కుంది. "ఆవిడ ఒక పిల్ల గురించి అడిగిందే. బారెడు జుట్టు పిల్ల ఎక్కడ కంటదోనని."

"అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"నేనేం చెప్తాను. ఒట్టు వేయించుకున్నావుగా."

అవతల గిన్నె మూత చప్పుడైంది. తర్వాత, "అన్నం పొంగుతోందత్తా" అని పెట్టేసింది.

వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో ఎలా గడిచాయో చెబితే మీరు నమ్మరు, ఈసారి నిజమైనా నమ్మరు. ఫోను మోగితే మా ఆవిడా నేనూ ఒకేసారి లేచి ఒకరి తల ఒకరికి కొట్టుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం అల్లుడు ఫోను చేశాడు. నొప్పులు మొదలయ్యాయి, ఆటో ఎక్కాం అన్నాడు.

"ఎటువైపురా?"

"ఇంకా చెప్పట్లేదు మావయ్యా. మొహం అటు తిప్పుకుని కూర్చుంది."

వాళ్ళ ఇంటి దగ్గర్నుంచి కొంచెం దూరం వెళ్ళాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఆసుపత్రికి, ఒకటి అత్తగారి ఊరికి. ఫోను పెట్టొద్దన్నాను. ఆటో చప్పుడు, గాలి చప్పుడు, దాని మూలుగు వినిపిస్తున్నాయి. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని నొక్కుతోంది. ఆ గోళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. చివరికి దాని గొంతే వినపడింది. ఆటో అతనితో, "అన్నా, ఆసుపత్రి వైపు తిప్పు" అంది.

మేము కారు మాట్లాడుకుని పరిగెత్తాం. కాలవ గట్టు మీద ఆ కారు వెళ్ళిన వేగానికి కొంగలు దారి తప్పాయి. మేము చేరేసరికి దాన్ని చక్రాల కుర్చీలో లోపలికి తోసుకెళ్తున్నారు. చూసి నిలబడిపోయాను. అది ఇంట్లోనే రెండు జడలు వేసుకుని వచ్చింది. ఎర్ర రిబ్బన్లు పెట్టి, బడికెళ్ళే పిల్లలా, తలలో నరాలు తెగేంత బిగువుగా.

"ఎవరి దువ్వెనా నాకక్కర్లేదు మావయ్యా" అంది నా చెయ్యి పట్టుకుని.

కాన్పు గదిలోకి బయటివాళ్ళని రానివ్వరు. మేము ముగ్గురం బయట బెంచీ మీద కూర్చున్నాం. తలుపు మూసుకునే లోపల ఆయమ్మ కనపడింది. మా పిల్ల తల వైపే చూస్తూ నిలబడి ఉంది.

లోపల జరిగింది ఇది.

"ఎవరేశారే ఈ జడలు?"

"నేనే."

"అందుకే అట్టా ఏడిశాయి. ఇంత బిగించావు, పడుకుంటే కణతలు లాగెయ్యవూ? ఇటు తిరుగు."

"వద్దులే అక్కా. నాకు చేతనవుద్దని నువ్వేగా అన్నావు."

"అన్నాన్లే. అంటే అన్నాను. తిరుగు."

రిబ్బన్లు ఊడదీసింది. చీలికల వేళ్ళతోనే పాయలు విప్పి, మెల్లగా దువ్వి, మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

"ఎన్నో కాన్పు?"

"మొదటిది."

"అత్త మంచిదేనా?"

"అత్త మంచిదే. మొగుడికే నోరు లేదు."

"ఇంకేం, అదృష్టవంతురాలివి."

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే చుక్కల మందు వేశారు. మా ఆవిడ సిస్టరుని అడిగి, ఇంకో సిస్టరుని అడిగి, సీసా కళ్ళతో చూసి గానీ కుదుటపడలేదు. ఇప్పటివరకూ చేసిన పరీక్షల్లో పాపకి ఏమీ లేదన్నారు. ఇంకో పరీక్ష ఉంది. అది కూడా అయ్యేదాకా సంబరం కాస్త దాచుకోండని మా ఆవిడ ఆజ్ఞ. సంబరం దాచుకోవడం నాకు ఎంత కష్టమో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పాప గొంతు మా ఆవిడది, జుట్టు తల్లిది. ఏడిస్తే బాపట్లకి వినపడుతుంది.

సరే, ఇక ఒప్పుకోవాలి. కాన్పు గదిలో జరిగిందని రాశానే, ఆ మాటలు నేను పుట్టించినవి. ఆ తలుపు అవతల నేను లేను. మేనకోడలిని ఎన్నోసార్లు అడిగాను. "అది మా ఇద్దరి మధ్య మావయ్యా" అంటుంది. ఆయమ్మని అడిగితే, "పురిటి గది మాటలు మగోళ్ళకెందుకు బాబూ" అని చీపురు అందుకుంది. నేను చూసింది ఇంతే. లోపలికి వెళ్ళేటప్పుడు దాని జడలకి ఎర్ర రిబ్బన్లున్నాయి. మంచం మీద బయటికి తెచ్చేటప్పుడు రిబ్బన్లు లేవు. జడలు రెండూ వదులుగా, చెవుల పక్కనుంచి భుజాల మీదకి పడి ఉన్నాయి. కొసలకి గాజుగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి, ఆ వార్డులో మిగతా అందరికీ ఉన్నట్టే. ఆ జడలు అల్లేటప్పుడు వాళ్ళేం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో, నాకు తెలియదు.